మే నెల కాఫీ, పొయ్యి వెలిగించకుండా: నా కోల్డ్ బ్రూ డైరీ

మా ఇంట్లో సాయంత్రం నాలుగింటికి కాఫీ పడాల్సిందే. మావయ్యగారికి, అత్తయ్యగారికి, నాకు. చలికాలంలో ఆ వేళ పొయ్యి దగ్గర నిలబడటం హాయిగానే ఉంటుంది. విజయవాడ మే నెలలో మాత్రం ఆ పావుగంట గడవడం కష్టం. మా వంటింటి గోడకున్న థర్మామీటరు, పొయ్యి వెలిగించక ముందే 36 డిగ్రీలు చూపిస్తుంది. పోయిన వేసవిలో పాలు కాస్తూ కాస్తూ అత్తయ్యగారికి కళ్ళు తిరిగాయి. ఈ పని అప్పుడే మనసులో పడింది. మధ్యాహ్నం తర్వాత పొయ్యి ముట్టుకోకూడదు, అయినా ఆవిడ నోటికి అది కాఫీ అనిపించాలి.

కోల్డ్ బ్రూ అంటే ఐస్ ముక్కలు వేసిన మామూలు కాఫీ కాదు. దానికి వేడి ఎక్కడా తగలదు. కాఫీ గింజల్ని రవ్వగా చేసి, చల్లటి నీళ్ళలో గంటల తరబడి నానబెట్టి, వడకట్టి తీసే డికాషన్ అది. వేడి నీళ్ళు నాలుగైదు నిమిషాల్లో లాగేసేదాన్ని చల్లటి నీళ్ళు రాత్రంతా నెమ్మదిగా తీసుకుంటాయి. కొన్నిటిని సరిగ్గా తీసుకోనే తీసుకోవు. అందుకే పులుపు, చేదు తగ్గి తియ్యటి వాసన మిగులుతుంది.

రెండు షరతులు పెట్టుకున్నాను. కొత్త మెషీన్ కొనకూడదు. గింజలు అరకువే కావాలి.

ఏప్రిల్ 27

గింజలు వచ్చాయి, అర కిలో. అరకు అరబికా రకం, ఓ మాదిరిగా వేయించినవి. సంచి మీద వేయించిన తేదీ ఉంది, సరిగ్గా తొమ్మిది రోజుల కిందటిది. ఈ తేదీ కోసం పట్టుబట్టాను. జనవరిలో అరకు వెళ్ళినప్పుడు రోడ్డు పక్క కొట్లో తెచ్చిన పొట్లం మీద ఏ తేదీ లేదు. ఇంటికొచ్చి విప్పితే అట్టపెట్టె వాసన వచ్చింది.

ఆ ప్రయాణంలో తోటలు కూడా చూశాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. నవంబరు నుంచి పళ్ళు ఎర్రబడుతుంటే, గిరిజన రైతులు పండినవి పండినట్టు చేత్తో ఏరి కోస్తారు. 2019లో అరకు అరబికాకి, ఆ ప్రాంతపు పంటేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చేసిన గింజని మనింట్లో పాడు చెయ్యకూడదన్నది నాకు గట్టిగా ఉంది.

ఏప్రిల్ 29

మొదటి ప్రయత్నం పారబోశాను.

గింజలు దాచుకుని, ముందు ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడితోనే చేసి చూశాను. అందులో నూటికి ఇరవై పాళ్ళు చికోరీ, చిక్కదనం కోసం కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి. 50 గ్రాముల పొడి, 400 మిల్లీలీటర్ల నీళ్ళు గాజు సీసాలో కలిపి వంటింటి గట్టు మీదే ఉంచాను. పద్దెనిమిది గంటలయ్యాక మూత తీస్తే పులిసిన పిండి వాసన. వడకట్టబోతే గుడ్డ మూసుకుపోయింది. మెత్తటి పొడి, దానికి తోడు చికోరీ జిగురు.

గది ఉష్ణోగ్రతలో నానబెట్టమని చెప్పేవాళ్ళ గది 22, 25 డిగ్రీలు ఉంటుందేమో. మన గది రాత్రి పూట కూడా 33. కాఫీలో ఉండే పులుపు సూక్ష్మజీవుల్ని ఆపేంత ఎక్కువేం కాదు. నిమ్మరసంలాగా అది తనని తాను కాపాడుకోలేదు. వేసవిలో గట్టు మీద నానబెట్టడం నా దృష్టిలో తప్పు. ఇక నుంచి నానడం, వడకట్టింది తేరడం, నిలవ ఉండటం, అన్నీ ఫ్రిజ్‌లోనే.

మే 1

ఇవాళ గింజలు బయటికి తీశాను. 60 గ్రాములు మిక్సీలో వేసి, ఒక్కో తిప్పుకి ఆపుతూ ఆరుసార్లు తిప్పాను. చూస్తే రవ్వలాగే ఉంది. 480 మిల్లీలీటర్ల నీళ్ళు, పదహారు గంటలు ఫ్రిజ్‌లో.

వడకట్టడానికి బజారు నుంచి కొత్త మల్లు గుడ్డ తెచ్చాను. ఇందులో ఒక విషయం నేర్చుకున్నాను. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది. నేను ఒట్టి నీళ్ళలో జాడించి వాడాను, డికాషన్‌కి బట్టల కొట్టు వాసన పట్టింది. కొత్త గుడ్డని ఒక పొంగు రానిచ్చి, పిండి, ఆరేసి వాడాలి. సబ్బు తగలకూడదు. అత్తయ్యగారు లోపలికెళ్ళి మావయ్యగారి పాత మల్లు పంచె నుంచి ఒక ముక్క చింపి తెచ్చారు. "వందసార్లు ఉతికిన గుడ్డమ్మా, దీనికి ఏ వాసనా ఉండదు" అన్నారు. దాన్నీ మరిగించి ఆరేశాను. ఇప్పుడు అదే నా వడపోత గుడ్డ.

గుడ్డ వాసన పక్కన పెట్టినా రుచి రెండు ముక్కలుగా ఉంది. మొదట నీళ్ళగా తగిలి, చివర్లో నాలుక పట్టేసే వగరు. ఒకే కప్పులో పల్చనా ఉంది, చేదూ ఉంది. ఇది ఎలా కుదురుతుందో రాత్రంతా ఆలోచించాను.

మే 4

కారణం దొరికింది. మిక్సీ రవ్వ చెయ్యదు, గింజని పగలగొడుతుంది. బ్లేడుకి దొరికిన గింజ పొడైపోతుంది, తప్పించుకున్నది సగం ముక్కగా మిగులుతుంది. పొడిలోంచి నీళ్ళు వగరు దాకా మొత్తం లాగేస్తాయి. పెద్ద ముక్క లోపలికి పదహారు గంటల్లో కూడా సరిగ్గా చేరవు. ఆ కప్పులో నేను తాగింది ఈ రెండింటినీ.

ఇవాళ 100 గ్రాములు తిప్పి, రవ్వ జల్లెడ ఒకటి, పిండి జల్లెడ ఒకటి తీసుకుని జల్లించి, తూకం వేశాను. పైన మిగిలిన మొరుం 13 గ్రాములు. మధ్యలో నాకు కావాల్సిన రవ్వ 62. కింద రాలిన పొడి 25. అంటే పావు వంతు పొడే! దీన్ని ఏ గుడ్డ ఆపుతుంది?

పొడిని డబ్బాలో వేసి అత్తయ్యగారికిచ్చాను. పొద్దుటి ఫిల్టర్‌లో మామూలు పొడితో కలిపి వేశారు, ఆ డికాషన్ చాలా బాగుంది. మొరుం మళ్ళీ మిక్సీలోకి. ఒక్క గింజా వృథా కాలేదు.

మధ్య రవ్వతో నానబెట్టిన సీసా రేపటికి.

మే 5

మొదటిసారి సంతోషం వేసింది. నీళ్ళు తేటగా, ముదురు టీ రంగులో దిగాయి. వగరు పోయింది. కొద్దిగా కోకో వాసన, చివర్లో ఎండు ద్రాక్షలాంటి తీపి. మా వారు ఒక గుక్క తాగి, "ఇందులో పంచదార వేశావా?" అని అడిగారు. వెయ్యలేదు.

రవ్వ కొలత ఇలా గుర్తు పెట్టుకున్నాను. బొంబాయి రవ్వ కంటే లావు, బియ్యపు రవ్వ కంటే ఒక పిసరు సన్నం. ఉప్పుడు పిండికి పట్టించే రవ్వ తెలిసినవాళ్ళకి వేలి కొసతో నలిపితే అర్థమైపోతుంది.

మే 7

ఈ సీసా పాడైంది. రవ్వలో లోపం లేదు, మూతలో ఉంది. ఉసిరి పచ్చడి అయిపోయిన సీసా తోమి వాడాను. గాజుకి వాసన లేదు, మూత లోపలి రబ్బరుకి ఉంది. పద్నాలుగు గంటలు మూతపెట్టిన కాఫీకి మెంతిపిండి, ఇంగువ పట్టాయి. కొత్త మూత కొన్నాను. ఫ్రిజ్‌లో దోసెల పిండి, కోసిన ఉల్లిపాయ ఉన్న అరలో కాకుండా కింది అరలో పెడుతున్నాను. కాఫీ పక్కవాటి వాసన ఇట్టే పట్టేస్తుంది.

మే 10

ఎన్ని గంటలు? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అందుకే ఒకే రవ్వ, ఒకే నీళ్ళు, నాలుగు చిన్న సీసాలు. ఒక్కో దాంట్లో 30 గ్రాముల రవ్వ, 240 నీళ్ళు. 8, 14, 20, 26 గంటలకి ఒక్కోటి తీసి వడకట్టాను. పేర్లు రాయకుండా గ్లాసుల అడుగున చుక్కలు పెట్టి ముగ్గురికీ ఇచ్చాను.

8 గంటలది పల్చగా, కొంచెం పుల్లగా ఉందన్నారు. 14 గంటలది బాగుంది. 20 గంటలది అందరికీ నచ్చింది. 26 గంటలదానికీ దానికీ తేడా మావయ్యగారు చెప్పలేకపోయారు. అత్తయ్యగారు మాత్రం, "దీనికి కట్టెపుల్ల రుచి వస్తోంది" అన్నారు. చుక్క చూస్తే అది 26దే.

దీని గురించి 2017లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మామూలు గది వేడిలో ఉన్న నీళ్ళలో నానబెడితే కెఫీన్ ఆరేడు గంటల్లోనే దాదాపు దిగవలసినంతా దిగిపోతుందని తేలింది. అంటే ఇంకా ఎక్కువసేపు ఉంచినంత మాత్రాన కెఫీన్ పెరుగుతూ పోదు. ఫ్రిజ్ నీళ్ళు ఇంకా చల్లన, దిగడం ఇంకా నెమ్మది, కాబట్టి నా 20 గంటలు నాకు సబబుగానే ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి నానబెడితే మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వడకట్టుకోవచ్చు. నాలుగింటి కాఫీకి అచ్చంగా సరిపోయే లెక్క.

మే 13

నీళ్ళ మాట. మా బోరు నీళ్ళు గిన్నెలకి తెల్లటి పొర కట్టేంత గట్టివి. వాటితో చేస్తే కాఫీ మొద్దుగా, సుద్ద తగిలినట్టు వచ్చింది. ఫిల్టర్ మెషీన్ నీళ్ళతో చేస్తే చురుగ్గా ఉంది కానీ కొంచెం బోలుగా అనిపించింది, లవణాలు మరీ తక్కువ. మూడు వంతులు ఫిల్టర్ నీళ్ళు, ఒక వంతు కాచి చల్లార్చి తేర్చిన కుళాయి నీళ్ళు కలిపాను. ఇది కుదిరింది. నీళ్ళ గురించి ఇంతకంటే ఎక్కువ కష్టపడక్కర్లేదు.

మే 15

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

జల్లెడ పని బాగానే ఉంది కానీ, వంద గ్రాములకి అరవై రెండే చేతికొస్తే ఎలా? మొన్న హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు చేత్తో తిప్పే గ్రైండర్ పంపుతానన్నాడు. దాని లోపల రెండు పళ్ళ చక్రాల మధ్య గింజ నలుగుతుందనీ, సందు ఎంత ఉంచితే రవ్వ అంత లావు వస్తుందనీ ఫోన్‌లో చెబుతున్నాడు. పక్కనే కూరలు తరుగుతున్న అత్తయ్యగారు తలెత్తి, "అది తిరగలే కదమ్మాయ్" అన్నారు.

తిరగలే! రెండు రాళ్ళు, మధ్యలో సందు.

అటక మీద నుంచి మా వారు దించారు. కందులు విసిరి పదేళ్ళయిందట. కడిగి, రెండు రోజులు ఎండబెట్టి ఉంచాను. ఇవాళ పొద్దున ముందు రెండు గుప్పెళ్ళ బియ్యం విసిరి ఆ పిండి పారేశాం, రాతి గరుకు, పాత పప్పు వాసన పోవడానికి. మళ్ళీ ఒక గుప్పెడు. పిండి తెల్లగా, వాసన లేకుండా వచ్చేదాకా.

తర్వాత అత్తయ్యగారు పై రాయి ఎత్తి, మధ్య కొయ్యకి చిన్న పేలిక చుట్టి మళ్ళీ దించారు. రాయి ఒక్క పిసరు లేచింది. "పప్పు బద్దలు చెయ్యాలంటే ఇలాగే, లేకపోతే పిండైపోతుంది" అన్నారు. నేను గుప్పెడు గింజలు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "నాలుగేసి గింజలు వెయ్యి. ఒక్క తీరుగా తిప్పు, హడావుడి పడకు."

మొదటి పేలిక లావైంది, గింజలు సగం సగం పగిలాయి. సన్న పేలిక చుట్టాక రాలింది చూడాలి! గుడ్డ మీద చుట్టూ గోధుమరంగు రవ్వ, అన్నీ దాదాపు ఒకే లావు. మిక్సీలో తిప్పినప్పుడు గిన్నె వెచ్చబడి వాసన అక్కడే ఎగిరిపోతుంది. ఇక్కడ రాయి చల్లగానే ఉంది, వాసనంతా రవ్వలో ఉంది. హాల్లో పేపరు చదువుతున్న మావయ్యగారు లేచి వచ్చారు.

వంద గ్రాములు జల్లించి తూచాను. మొరుం 7, పొడి 14, మధ్య రవ్వ 79. మిక్సీ కంటే పదిహేడు గ్రాములు ఎక్కువ. పావుగంట పట్టింది. చెయ్యి నొప్పి పుట్టింది, కానీ ఆ పావుగంట అత్తయ్యగారు ఎదురుగా కూర్చుని, పుట్టింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళు తెల్లవారుజామున ఎలా విసిరేవాళ్ళో చెప్పారు. ఆవిడ నోట ఆ కబుర్లు నేను వినడం ఇదే మొదలు.

తమ్ముడికి ఫోన్ చేసి గ్రైండర్ పంపొద్దని చెప్పాను.

మే 18

ఇక అసలు పరీక్ష పాలు. ఒట్టి నల్ల కాఫీ మా ఇంట్లో నేనొక్కదాన్నే తాగుతాను.

ఒక వంతు రవ్వకి ఎనిమిది వంతుల నీళ్ళతో చేసిన డికాషన్‌లో పాలు పోస్తే కాఫీ మాయమైపోయింది. అందుకని ఒకటికి ఐదు చేశాను. 100 గ్రాములకి 500 నీళ్ళు. రవ్వ తన బరువుకి రెండింతల నీళ్ళు పీల్చుకుంటుంది, కాబట్టి చేతికొచ్చేది 300 మిల్లీలీటర్లే. కప్పుకి 60 డికాషన్, 90 పాలు. పాలు పొద్దున్నే కాచి, చల్లార్చి, మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మీగడ ఉంటే చల్లటి కాఫీలో తునకలుగా తేలుతుంది.

పంచదార చల్లటి దాంట్లో కరగదు, గ్లాసు అడుగున ఇసుకలా కూర్చుంటుంది. తాటిబెల్లం సమానంగా నీళ్ళు పోసి పొద్దున వంటతోపాటే కరిగించి, వడకట్టి పెట్టుకున్నాను. తాటిబెల్లంలో ఇసుక, నలకలు ఉంటాయి, వడకట్టకపోతే పళ్ళకింద పడుతుంది. దాని పొగవాసన అరకు గింజకి బాగా కలిసింది. మామూలు బెల్లం కంటే ఇదే నయం.

అత్తయ్యగారు తాగి, కాసేపు ఊరుకుని అన్నారు: "బాగుంది. కానీ కాఫీలో చిక్కదనం లేదు."

ఆవిడ వెతుకుతున్నది చికోరీని. నలభై ఏళ్ళుగా అలవాటైన చిక్కదనం అది.

మే 21

95 గ్రాముల రవ్వకి 5 గ్రాముల చికోరీ కలిపాను. మొదటి రోజు గుడ్డని మూసేసింది ఈ చికోరీయే కదా అని భయపడ్డాను. ఐదు పాళ్ళకి ఇబ్బంది రాలేదు. రంగు ముదిరింది, నోట్లో కొంచెం బరువు వచ్చింది. పది పాళ్ళతో కూడా చేశాను. అప్పుడు అరకు వాసన కిందికి పోయి మాడిన పంచదార రుచి పైకొచ్చింది. ఐదు దగ్గర ఆగాను.

వడకట్టే పద్ధతి కూడా స్థిరపడింది. ముందు టీ జాలి, తర్వాత తడిపిన పంచె ముక్క. గుడ్డని పిండకూడదు, పిండితే అడుగు పొడంతా దిగుతుంది. దానంతట అది కారనివ్వాలి. ఆ డికాషన్‌ని ఫ్రిజ్‌లో ఇంకో గంట కదపకుండా ఉంచి, మజ్జిగ తేట ఒంపినట్టు పైది ఒంపుకోవాలి. అడుగున వేలెడంత మడ్డి మిగులుతుంది.

అత్తయ్యగారు ఇవాళ గ్లాసు మొత్తం తాగారు. "రేపు కూడా ఇదే పెట్టు" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

మే 22

మావయ్యగారు రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోలేదట. లెక్క వేసుకున్నాను. వేడి ఫిల్టర్ కాఫీకి మేం కప్పుకి పన్నెండు గ్రాముల పొడి వాడతాం. దీంట్లో కప్పుకి పడేది ఇరవై గ్రాముల గింజ. చల్లగా, తియ్యగా ఉండటంతో ఎంత బలంగా ఉందో నాలుకకి తెలియదు. ఇక నుంచి ఆయనకి 35 మిల్లీలీటర్లే, పాలు ఎక్కువ.

ఆయనకి కడుపులో మంట కూడా ఉంది. కోల్డ్ బ్రూలో ఆమ్లం ఉండదని ఎవరో చెప్పారట. అది పూర్తిగా నిజం కాదు. 2018లో ఫిలడెల్ఫియాలో చేసిన పరిశోధనలో వేడి కాఫీ, చల్లటి కాఫీ రెండింటి పీహెచ్ (పులుపుని కొలిచే అంకె) దాదాపు ఒకటే, 5కి అటూ ఇటూ వచ్చింది. మొత్తం ఆమ్లాలు మాత్రం వేడి కాఫీలో ఎక్కువ. అందుకే కోల్డ్ బ్రూ నాలుకకి మెత్తగా ఉంటుంది, అంతే. ఖాళీ కడుపుతో మాత్రం వద్దని చెప్పాను. ముందు రెండు బిస్కెట్లు, తర్వాత కాఫీ.

మే 25

ఇప్పుడు నడుస్తున్న లెక్క ఇది. ఆదివారం, బుధవారం పొద్దున తిరగలి. 190 గ్రాముల రవ్వ, 10 చికోరీ, ఒక లీటరు నీళ్ళు. మొదట రవ్వ తడిసేంత నీళ్ళే పోసి కలపాలి, లేకపోతే తాజా గింజలోని గాలికి రవ్వంతా పైకి తేలి పొడిగానే ఉండిపోతుంది. తర్వాత మిగతా నీళ్ళు. సాయంత్రం ఆరింటికి ఫ్రిజ్‌లోకి, మర్నాడు రెండింటికి బయటికి. 600 మిల్లీలీటర్లు వస్తుంది, మూడు రోజులకి సరిపోతుంది. వారం దాకా నిలవ ఉంటుందంటారు. మా ఇంట్లో ఎప్పుడూ అన్ని రోజులు మిగల్లేదు.

నానిన రవ్వలో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి తీసి చూశాను. పెసరపొట్టు నీళ్ళలా ఉంది. ఇప్పుడు ఆ రవ్వ ఎండబెట్టి కరివేపాకు మొక్క మొదట్లో వేస్తున్నాను.

ఖర్చు ఎక్కువే, గింజ దాదాపు రెండింతలు పడుతోంది. జూన్ మధ్యలో వానలు పడ్డాక మళ్ళీ వేడి కాఫీకే వెళ్ళిపోతాం. అప్పటిదాకా ఇంకో కిలో కావాలి. ఈసారి పాడేరు వైపు గింజలు, పండుతో సహా ఎండబెట్టినవి దొరుకుతాయేమో గింజలు పంపేవాళ్ళని అడిగాను. పచ్చి గింజ ఉందనీ, శుక్రవారం వేయించి పంపుతామనీ చెప్పారు.